గేజ్ పొడవు ఎంత? స్ట్రెస్–స్ట్రెయిన్ పరిశోధన ధోరణులు, జర్నల్ అంకెలు చదవడానికి సమగ్ర మార్గదర్శి

కడపలో మా కాలేజీ ల్యాబ్. యూటీఎం (లాగి, నొక్కి బలం చూసే పరీక్ష యంత్రం) మీద 12 ఎంఎం టీఎంటీ కమ్మీ ఒకటి తెగింది. "ఎలాంగేషన్ 22 శాతం వచ్చింది సార్" అన్నాడు ఎంటెక్ అబ్బాయి సంబరంగా. "గేజ్ పొడవు ఎంత పెట్టావబ్బీ?" అని అడిగాను. బిక్కమొహం వేశాడు.

గేజ్ పొడవు అంటే ఎలాంగేషన్ (సాగుడు) కొలవడానికి కమ్మీ మీద గుర్తు పెట్టుకునే పొడవు. కమ్మీల భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం అది కమ్మీ వ్యాసానికి ఐదు రెట్లు. అంటే 12 ఎంఎం కమ్మీకి 60 ఎంఎం. కమ్మీ తెగే ముందు ఒకచోట మెడలా సన్నబడి, అక్కడే ఎక్కువగా సాగుతుంది. ఆ సాగుడును 60 ఎంఎం మేర మీద లెక్కేస్తే ఒక శాతం, 120 ఎంఎం మేర మీద లెక్కేస్తే అంతకంటే తక్కువ శాతం. కమ్మీ ఒకటే, తెగిన చోటూ ఒకటే, శాతాలు మాత్రం రెండు. అందుకే గేజ్ పొడవు చెప్పని ఎలాంగేషన్‌కు మా దగ్గర విలువ లేదు.

వారం తిరక్కుండా అదే అబ్బాయి మళ్లీ వచ్చాడు. "ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 ఉన్న జర్నల్ దొరికింది సార్, పంపేద్దామా?" ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు, అంటే ఇతర పేపర్లు వాటిని ఉదహరించిన సార్లు. నేను మళ్లీ అదే ప్రశ్న వేశాను. ఆ ఏడుకు గేజ్ పొడవు ఎంత? ఎన్నేళ్ల పేపర్లు, ఎన్నేళ్ల సైటేషన్లు, ఏ డేటాబేస్, ఏ విభాగం? ప్రతిబలం (స్ట్రెస్, వైశాల్యం మీద పడే బలం), వికృతి (స్ట్రెయిన్, అసలు పొడవుతో పోలిస్తే వచ్చిన మార్పు) మీద పని చేసే రాయలసీమ పిల్లలకు, గైడ్ చెప్పేంత తీరిక లేని చోట, ఈ ప్రశ్న పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడవాలో రాస్తున్నాను. అడుగుల వరుస మార్చకండి. చాలామంది జర్నల్ అంకెతో మొదలుపెట్టి ప్రశ్నతో ముగిస్తారు. బండి వెనక ఎద్దును కట్టినట్టు ఉంటుంది ఆ పని.

మొదటి అడుగు: మన చుట్టూ ఉన్న రాయిని, బూడిదను చూడండి

ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) ఉంది. అక్కడ ఫ్లైయాష్‌కు, అంటే బొగ్గు బూడిదకు కొదవ లేదు. తాడిపత్రి, బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలున్నాయి. వాటి పక్కన సున్నపురాయి బురద ఎండి గుట్టలుగా పడి ఉంటుంది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు ఏళ్లుగా తిరుగుతున్నాయి. రెక్కల్లో ఫెటీగ్ (మళ్లీ మళ్లీ పడే లోడ్‌కు పదార్థం అలసిపోవడం) అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే కళ్లకు కనిపించే చోటు అది. టాపిక్ కోసం ఇంతకంటే దూరం పోనక్కర్లేదు.

అయితే ఒక హెచ్చరిక. "సిమెంటులో ఫలానా పొడి 0, 5, 10, 15, 20 శాతం కలిపి 7 రోజులకు, 28 రోజులకు క్యూబు బలం చూశాం" అనే పేపర్లు ఇప్పటికే దేశం నిండా ఉన్నాయి. పొడి పేరు మారుతుంది, గ్రాఫు మారదు. ఎడిటర్ దాన్ని చదవకుండానే తిప్పి పంపుతాడు. అతన్ని తప్పుపట్టలేం.

అదే నాపరాయి పొడి తీసుకుని వేరే ప్రశ్న వేయండి. గరిష్ఠ బలం దాటాక కాంక్రీటు ఎలా దిగుతుంది? కాంక్రీటు భారత ప్రమాణం ఐఎస్ 456 గీసిన ఆదర్శ వక్రరేఖలో 0.002 వికృతి దగ్గర శిఖరం చేరి, 0.0035 దగ్గర ఆగిపోతుంది. మన పొడి కలిపిన కాంక్రీటు నిజంగా అలాగే నడుస్తుందా? ఇది స్ట్రెస్–స్ట్రెయిన్ ప్రశ్న. క్యూబు బలం దాని మీద ఒకే ఒక చుక్క. కాకపోతే దిగే వైపు వక్రరేఖ కావాలంటే లోడ్ పెంచుకుంటూ పోయే మామూలు కంప్రెషన్ మెషిన్ పనికిరాదు. శిఖరం దాటగానే నమూనా ఢామ్మని పగులుతుంది, వక్రరేఖ అక్కడే తెగిపోతుంది. డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్ (లోడ్ బదులు కదలికను నెమ్మదిగా పెంచే ఏర్పాటు) ఉన్న మెషిన్ కావాలి. అది ఏ కాలేజీలో ఉందో, ఎవరు వాడనిస్తారో ముందే కనుక్కోండి. మెషిన్ దొరకకముందే ప్రశ్న ఖాయం చేసుకుని ఏడాది పోగొట్టుకున్న వాళ్లను చూశాను.

రెండో అడుగు: వెతికే మాటలు ఏరుకోండి

ఇక్కడే చాలామంది జారిపడతారు. స్ట్రెస్ అని కొట్టి చూడండి. మొదట మానసిక ఒత్తిడి వస్తుంది. తర్వాత వేరుశనగలో నీటి ఎద్దడి మీద పేపర్లు వస్తాయి. అనంతపురం రైతుకు అదే అసలు స్ట్రెస్ కాబట్టి, ఆ పేపర్లకు మన జిల్లా పేరు కూడా తగులుతుంది. స్ట్రెయిన్ అని కొడితే బ్యాక్టీరియా, వైరస్ రకాలన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇవన్నీ కలిపి లెక్కేసి "మన రంగం పదేళ్లలో ఇంత పెరిగింది" అని గ్రాఫ్ గీస్తే, అందులో సగం వ్యవసాయ శాస్త్రం పెరుగుదలే ఉంటుంది.

కాబట్టి విడి మాటలు వద్దు. మాటల జంటల్ని కోట్ గుర్తుల మధ్య పెట్టండి: స్ట్రెస్–స్ట్రెయిన్ కర్వ్, కాన్‌స్టిట్యూటివ్ మోడల్, రెసిడ్యువల్ స్ట్రెస్, డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్, పోస్ట్–పీక్ బిహేవియర్. ఒకే అర్థం వచ్చేవాటి మధ్య ఆర్ పెట్టండి, వేరే అర్థాల మధ్య ఆండ్ పెట్టండి. డ్రాట్, ప్లాంట్, బ్యాక్టీరియా, సైకాలజీ లాంటి వాటి ముందు నాట్ పెట్టండి. ఫైబర్ అనే మాటకు బ్రిటిష్ వాళ్ల స్పెల్లింగ్ ఒకటి, అమెరికా వాళ్లది ఇంకొకటి. రెండూ రాయకపోతే సగం పేపర్లు జారిపోతాయి. చివర్లో సబ్జెక్ట్ ఫిల్టర్‌లో ఇంజనీరింగ్, మెటీరియల్స్ మాత్రం ఉంచండి.

ఇంకో తిరకాసు ఉంది. స్ట్రెయిన్ ఇంజనీరింగ్ అనే జంట మనం అనుకునేది కాదు. సెమీకండక్టర్ వాళ్ల భాషలో దానికి అర్థం వేరు. స్ఫటికాన్ని కావాలనే కొంచెం సాగదీసి లేదా నొక్కి, దాని విద్యుత్ గుణాన్ని మార్చడం అది. సిలికాన్‌ను ఇలా సాగదీస్తే ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి. ఇంటెల్ 2003లో తన 90 నానోమీటర్ల చిప్పుల్లో ఇదే వాడింది. గ్రాఫీన్‌ను 2008లో కొలిచి యంగ్ గుణకం (సాగకుండా ఎదురు నిలిచే బిగువు) దాదాపు 1 టెరాపాస్కల్ అని తేల్చాక ఆ రంగం ఇంకా ఊపందుకుంది. 2018లో వజ్రపు నానో సూదుల్ని దాదాపు 9 శాతం దాకా సాగేలా వంచి, విరగకుండా వెనక్కి తెచ్చారు. గాజుగదిలాంటి ల్యాబుల్లో జరిగే పని అది, సివిల్, మెకానికల్ ల్యాబుల్లో అయ్యేది కాదు. మీ వెతుకులాటలో అవి కలిస్తే ధోరణి లెక్క తారుమారవుతుంది. ఆ పేపర్లకు వచ్చే సైటేషన్లు మనవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మూడో అడుగు: డబ్బు పెట్టకుండా ఎక్కడ వెతకాలి

పేపర్లు, సైటేషన్ల డేటాబేసులైన స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ చందా కట్టాల్సినవే. మీరు ప్రభుత్వ సంస్థలో ఉంటే చదవడానికి సంబంధించినంతవరకు పరిస్థితి మెరుగైంది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. 2025 జనవరి నుంచి 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. అనంతపురం జేఎన్‌టీయూలోనో, యోగి వేమన యూనివర్సిటీలోనో చదివే స్నేహితుడు ఉంటే లైబ్రరీ వాళ్లను అడగమనండి. ప్రైవేటు కాలేజీలకు మొదటి దశలో ఈ భాగ్యం లేదు. మన దగ్గర ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది ఉన్నది ప్రైవేటులోనే కదా, ఆ బాధ నాకూ ఉంది.

ప్రైవేటు వాళ్లకు దారి ఓపెన్ అలెక్స్. 2022 జనవరిలో మొదలైన ఉచిత సూచిక ఇది. మైక్రోసాఫ్ట్ నడిపిన పాత సూచిక మూతపడ్డాక ఆ ఖాళీని ఇది నింపింది. ఏడాదివారీ లెక్కలు, సంస్థలవారీ లెక్కలు, సైటేషన్లు అన్నీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. గూగుల్ స్కాలర్ చదవడానికి బాగుంటుంది గాని లెక్కలకు పనికిరాదు. కాన్ఫరెన్స్ స్లైడ్లు, థీసిస్‌లు, ఒకే పేపర్ రెండు మూడు రూపాలు, అన్నీ కలిపేస్తుంది. మన దేశపు థీసిస్‌ల కోసం శోధ్‌గంగ చూడండి. మీ ఐడియా పక్క జిల్లాలో ఎవరైనా ఇప్పటికే చేసి ఉంటే అక్కడే బయటపడుతుంది. పేపర్ దొరక్కపోతే రచయితకు మర్యాదగా మెయిల్ రాయండి. నాకు పదిలో ఏడెనిమిది మంది పంపారు.

నాలుగో అడుగు: ధోరణి గ్రాఫ్ గీయండి, కానీ భాగించండి

ఏడాదికి ఎన్ని పేపర్లు వచ్చాయో గ్రాఫ్ గీయడం ఎక్సెల్‌లో పది నిమిషాల పని. అది దాదాపు ఎప్పుడూ పైకే పోతుంది. అసలు ప్రపంచంలో పేపర్ల సంఖ్యే పెరుగుతున్నప్పుడు ఏ టాపిక్ అయినా పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. ఉదాహరణకు మీ టాపిక్‌లో 2014లో 40 పేపర్లు, 2024లో 200 వచ్చాయనుకోండి. ఐదు రెట్లు. అదే కాలంలో మెటీరియల్స్ విభాగం మొత్తం రెండు రెట్లు పెరిగిందనుకోండి. అప్పుడు మీ టాపిక్ అసలు పెరుగుదల రెండున్నర రెట్లే. బలాన్ని వైశాల్యంతో భాగిస్తేనే ప్రతిబలం. ఇక్కడా అంతే, భాగించకుండా బలం చెప్పకండి.

తర్వాత మాటల పటం. లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వీఓఎస్ వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది. ఏ కీవర్డులు ఒకే పేపర్లో కలిసి వస్తాయో చూసి వాటిని గుంపులు కట్టి రంగుల పటం గీస్తుంది. గణాంకాలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీ వాడొచ్చు. వాడేముందు తప్పనిసరిగా ఒక పని చేయండి. ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్, ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్, ఎఫ్‌ఈఎం, ఎఫ్‌ఈఏ, ఇవన్నీ ఒకటే అని చెప్పే థెసారస్ ఫైల్ రాసి ఇవ్వండి. ఇవ్వకపోతే ఒకే గుంపు నాలుగు చుక్కలుగా విడిపోయి, కొత్త ధోరణి కనిపెట్టామని మోసపోతాం. రంగులు చూసి మురిసిపోయి ఆ పటాన్నే థీసిస్‌లో ఒక అధ్యాయంగా పెట్టేవాళ్లున్నారు. ఆ పటం ఏ పేపర్లు చదవాలో చెప్తుంది, వాటిని మన బదులు చదవదు.

మన రంగంలో నాకు కనిపించే కదలికలు చెప్తాను. కొలిచే పద్ధతి మారుతోంది. రెసిస్టెన్స్ స్ట్రెయిన్ గేజ్ (సాగితే విద్యుత్ నిరోధం మారే చిన్న పట్టీ) 1938 ప్రాంతంలో వచ్చింది. అతికించిన చోట మాత్రమే కొలుస్తుంది. దక్షిణ కరోలినా యూనివర్సిటీలో 1980ల మొదట్లో డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ పుట్టింది. నమూనా మీద నల్లచుక్కలు చల్లి, లోడ్ పెంచుతూ ఫోటోలు తీసి, చుక్కల కదలిక నుంచి మొత్తం ఉపరితలం మీద వికృతిని లెక్కగడుతుంది. పగులు ఎక్కడ మొదలవుతుందో ముందే ఎర్రగా కనిపిస్తుంది. ఇప్పుడు రివ్యూయర్లు (జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే నిపుణులు) దీన్ని దాదాపు ఆశిస్తున్నారు.

ఇది మన కాలేజీల్లో చేయదగ్గ పని అని నా గట్టి నమ్మకం. ఒక మంచి డీఎస్ఎల్ఆర్, కదలని ట్రైపాడ్, సమానమైన వెలుతురు, తెల్ల స్ప్రే మీద నల్ల స్ప్రే. ఒక్కో చుక్క ఫోటోలో మూడు నుంచి ఐదు పిక్సెళ్లు ఉండేలా చూసుకోండి. విశ్లేషణకు శాండియా ల్యాబ్ వాళ్ల డైస్ (DICe) సాఫ్ట్‌వేర్ ఉచితం. మాట్‌ల్యాబ్ లైసెన్స్ ఉంటే ఎన్‌కార్ (Ncorr) కూడా ఉచితమే. ఒకే కెమెరాతో అయితే నమూనా ముందుకూ వెనక్కూ కదలకూడదు, కదిలితే అది కూడా వికృతిలా కనిపిస్తుంది. వేసవిలో ఫ్యాన్ గాలికి ట్రైపాడ్ వణికి మా మొదటి ఫలితాలన్నీ చెడిపోయాయి. ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుకుంటూ చేశాం.

ఇక మెషిన్ లెర్నింగ్. 2019లో ఫిజిక్స్ ఇన్‌ఫార్మ్డ్ న్యూరల్ నెట్‌వర్క్స్ మీద వచ్చిన పేపర్ తర్వాత వక్రరేఖల్ని నేర్చుకునే మోడళ్లు వరదలా వచ్చాయి. అందులో చాలా భాగం ఇతరుల పట్టికల నుంచి బలాలు ఏరి, ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఆర్ స్క్వేర్ (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె) 0.98 అని చూపించేవే. సొంత ప్రయోగం లేనివాళ్లు ఇందులో దిగొద్దనేది నా సలహా. త్రీడీ ప్రింటింగ్ లోహాల్లో మిగిలిపోయే ప్రతిబలాలు, గాలిమరల కాంపోజిట్ రెక్కల ఫెటీగ్, ఇవి కూడా బలంగా సాగుతున్న దిక్కులే. వాటికి పరికరాల ఖర్చు ఎక్కువ.

ఐదో అడుగు: ఒక్కో అంకెకు గేజ్ పొడవు అడగండి

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆలోచనను 1955లో యూజీన్ గార్ఫీల్డ్ ముందుకు తెచ్చాడు. 1975 నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌గా వస్తోంది. ఇప్పుడు క్లారివేట్ సంస్థ ఏటా జూన్‌లో విడుదల చేస్తుంది. లెక్క ఇది. ఒక జర్నల్ 2022లో 100, 2023లో 150 పేపర్లు వేసింది. ఆ 250 పేపర్లకు 2024లో 500 సైటేషన్లు వచ్చాయి. 500ను 250తో భాగిస్తే 2. అదే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్. గేజ్ పొడవు రెండేళ్లు.

మన రంగానికి ఆ రెండేళ్లు చాలా పొట్టి. ఒక పగులు సిద్ధాంతం చదివి, అర్థం చేసుకుని, నమూనాలు పోసి, 28 రోజులు ఆగి, టెస్టు చేసి, రాసి, రివ్యూ దాటి అచ్చయ్యేసరికి రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. మెకానిక్స్‌లో మంచి పేపర్‌ను పదేళ్ల తర్వాత కూడా ఉదహరిస్తూనే ఉంటారు. ఆ సైటేషన్లేవీ ఈ లెక్కలోకి రావు. అందుకే ఐదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను కూడా పక్కన పెట్టుకుని చూడండి.

సైట్‌స్కోర్ స్కోపస్ వాళ్లది. 2016 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు దాని గేజ్ పొడవు నాలుగేళ్లు. 2021 నుంచి 2024 దాకా వేసిన పేపర్లకు అవే నాలుగేళ్లలో వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. కాబట్టి ఒకే జర్నల్‌కు సైట్‌స్కోర్ సాధారణంగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కంటే పెద్దగా కనిపిస్తుంది. ఒక జర్నల్ సైట్‌స్కోర్‌ను ఇంకో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పోల్చడం అంటే 60 ఎంఎం మీద కొలిచిన కమ్మీని 120 మీద కొలిచిన కమ్మీతో పోల్చడమే. స్టాఫ్ రూముల్లో ఇది రోజూ జరుగుతుంది.

ఎస్‌జేఆర్ అనే ఇంకో జర్నల్ అంకెలో ఎవరు ఉదహరించారన్నదానికి బరువు ఉంటుంది. పేరున్న జర్నల్ నుంచి వచ్చిన సైటేషన్ ఎక్కువ తూగుతుంది. ఎస్‌ఎన్‌ఐపీ అనే అంకె రంగాన్ని బట్టి సర్దుతుంది, సైటేషన్లు తక్కువగా ఇచ్చుకునే రంగానికి అన్యాయం జరగకుండా. మెకానిక్స్‌ను మెటీరియల్స్‌తో పోల్చాల్సి వస్తే నేను ముందు దీన్నే చూస్తాను. ఎందుకో ఒక ఉదాహరణ. కన్‌స్ట్రక్షన్ అండ్ బిల్డింగ్ మెటీరియల్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇటీవలి సంవత్సరాల్లో జర్నల్ ఆఫ్ ది మెకానిక్స్ అండ్ ఫిజిక్స్ ఆఫ్ సాలిడ్స్ కంటే ఎక్కువ ఉంది. ఘన పదార్థాల మెకానిక్స్ తెలిసినవాళ్లెవరూ మొదటిదే గొప్పదని అనరు. రెండూ మంచివే, చదివేవాళ్లు వేరు.

క్వార్టైల్ సంగతి. క్యూ1 అంటే తన విభాగంలో పై పావు వంతులో ఉందని అర్థం. ఏ విభాగంలో అని అడగండి. ఒకే జర్నల్ ఒక విభాగంలో క్యూ1, ఇంకో విభాగంలో క్యూ2 కావచ్చు. అడ్వర్టైజ్‌మెంట్‌లో ఏది రాస్తారో మీరే ఊహించండి.

ఇవన్నీ జర్నల్ సగటులు. సగటు కింద పంపిణీ చాలా వంకరగా ఉంటుంది. రెండు మూడు రివ్యూ పేపర్లు (ఇతరుల పనిని సమీక్షించేవి) వందల సైటేషన్లు తెచ్చి సగటును పైకి లాగితే, మిగతావాటిలో చాలావాటికి ఒకటో రెండో ఉంటాయి, కొన్నిటికి సున్నా. ఊళ్లో ఒక కోటీశ్వరుడు ఇల్లు కట్టుకుంటే సగటు ఆదాయం పెరుగుతుంది గాని మన జేబు బరువెక్కదు. కాబట్టి "నా పేపర్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7" అనే మాటకు అర్థమే లేదు.

మనుషులకు హెచ్–ఇండెక్స్. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. మీ పేపర్లను సైటేషన్ల వరుసలో పేర్చండి: 19, 11, 6, 4, 4, 2. నాలుగో పేపర్‌కు నాలుగు ఉన్నాయి, ఐదో పేపర్‌కు ఐదు లేవు. కాబట్టి హెచ్ 4. పది అంతకంటే ఎక్కువ ఉన్నవి రెండు, కాబట్టి గూగుల్ స్కాలర్ ఇచ్చే ఐ10 ఇండెక్స్ 2. హెచ్ ఎప్పటికీ తగ్గదు. పరిశోధన మానేసి చీనీ తోట పెట్టుకున్నా పెరుగుతూనే ఉండొచ్చు. పాతికేళ్ల ప్రొఫెసర్‌తో రెండో ఏడాది స్కాలర్‌ను దీనితో పోల్చకూడదు.

ఆరో అడుగు: చదివేవాళ్లున్న చోటు వెతకండి

మీ రెఫరెన్సుల జాబితా తీయండి. ఏ జర్నల్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మొదటి మూడు స్థానాల్లో ఉన్నవే మీ పాఠకులు చదివే జర్నళ్లు. మీ జాబితాలో ఒక్కసారి కూడా రాని జర్నల్‌కు పంపాలనుకుంటున్నారంటే ఎక్కడో పొరపాటు జరిగింది.

కొలిచే పద్ధతే మీ విశేషమైతే ఎక్స్‌పెరిమెంటల్ మెకానిక్స్ గాని, బ్రిటిష్ సొసైటీ ఫర్ స్ట్రెయిన్ మెజర్‌మెంట్ వాళ్ల స్ట్రెయిన్ అనే జర్నల్ గాని చూడండి. డిజైన్ వైపు మొగ్గితే జర్నల్ ఆఫ్ స్ట్రెయిన్ అనాలిసిస్ ఫర్ ఇంజనీరింగ్ డిజైన్. పగుళ్ల మీదైతే ఇంజనీరింగ్ ఫ్రాక్చర్ మెకానిక్స్. సిద్ధాంతం గట్టిగా ఉంటే ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సాలిడ్స్ అండ్ స్ట్రక్చర్స్. మన దేశానిదే కావాలంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల సాధన ఉంది.

ఒక అపోహ వదిలించుకోండి. మంచి జర్నల్‌కు డబ్బు కట్టాలని చాలామంది అనుకుంటారు. ఎక్కువ పాత జర్నళ్లు హైబ్రిడ్ పద్ధతిలో నడుస్తాయి. ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటేనే రుసుము. చందా పద్ధతి ఎంచుకుంటే రచయిత కట్టేది ఏమీ ఉండదు. ఆ డ్రాప్‌డౌన్‌లో కంగారుపడి తప్పు బటన్ నొక్కకండి.

ఏడో అడుగు: పంపేముందు తనిఖీ

పదేళ్ల పైమాట. నేను రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్నప్పుడు ఒక "అంతర్జాతీయ" జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. పంపిన మూడో రోజే అంగీకరించారు. ఆరు వేలు కట్టాను, అప్పట్లో అది నా నెల ఖర్చు. బంగారు అంచుతో సర్టిఫికెట్ వచ్చింది, మా అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించింది. రెండేళ్లకు ఆ వెబ్‌సైటే లేదు. ఆ డేటాను మళ్లీ ఎక్కడా వేసుకోలేకపోయాను, ఒకసారి అచ్చయింది కదా. ఆ ఫ్రేమ్ ఇప్పటికీ ఇంట్లోనే ఉంది.

అందుకే పావుగంట కేటాయించండి. జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌ను ఐఎస్ఎస్ఎన్ పోర్టల్లో చూడండి. స్కోపస్ సోర్సుల జాబితాలో పేరు ఉందా, డిస్‌కంటిన్యూడ్ అని ఉందా చూడండి. వెబ్ ఆఫ్ సైన్స్ మాస్టర్ జర్నల్ లిస్ట్ చందా లేకుండానే తెరుచుకుంటుంది. జర్నల్ వెబ్‌సైటుకు గూగుల్ నుంచి కాకుండా ఈ జాబితాల్లోని లింకు నుంచే వెళ్లండి. నిజమైన జర్నల్ పేరుతో నకిలీ సైట్లు నడిపేవాళ్లున్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ముందు "జర్నల్", "ఐదేళ్ల" అనేవి కాకుండా ఇంకేదో విశేషణం తగిలించి ఉంటే అది క్లారివేట్‌ది కాదని గుర్తు. మూడు రోజుల్లో అంగీకారం వస్తే ఎవరూ చదవలేదన్నమాట.

ఇదివరకు యూజీసీ కేర్ జాబితా (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల పట్టిక) ఉందిలే అని ధైర్యం ఉండేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేసి, జర్నల్‌ను ఎలా చూడాలో కొన్ని ప్రమాణాలు సూచించి, బాధ్యతను సంస్థల మీద పెట్టింది. పీహెచ్‌డీ థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అనే నిబంధనను 2022 నియమావళిలోనే తీసేశారు. అయినా మీ యూనివర్సిటీ సొంత నియమం పెట్టుకుని ఉండొచ్చు, దాని ఆర్డర్ కాపీ అడిగి చదవండి. సీనియర్ చెప్పిన మాట మీద నడవకండి.

ఎనిమిదో అడుగు: పేపర్లో ఏం రాయాలి

ఎక్కువ తిరస్కారాలకు కారణం ఇంగ్లిష్ కాదు, క్రాస్‌హెడ్ (యూటీఎంలో నమూనాను లాగే అడ్డదూలం) కదలిక. యూటీఎం స్క్రీన్ మీద వచ్చే కదలికను నమూనా పొడవుతో భాగించి వికృతి అనేస్తారు. ఆ కదలికలో మెషిన్ ఫ్రేమ్ వంగడం, గ్రిప్పులు జారడం కూడా కలిసి ఉంటాయి. ఫలితంగా స్టీలు యంగ్ గుణకం 200 గిగాపాస్కల్ రావలసిన చోట అందులో పావు వంతు కూడా రాకపోవచ్చు. ఆ గ్రాఫ్ చూడగానే రివ్యూయర్ పేపర్ పక్కన పెడతాడు. నమూనాకే తగిలించి సాగుడు కొలిచే ఎక్స్‌టెన్సోమీటరో, స్ట్రెయిన్ గేజో, కెమెరానో వాడండి. ఏది వాడారో, గేజ్ పొడవు ఎంతో, లోడింగ్ వేగం ఎంతో, ఎన్ని నమూనాలో, ఏ ప్రామాణికం పాటించారో రాయండి. సగటు వక్రరేఖ ఒక్కటే కాకుండా అన్ని నమూనాల వక్రరేఖలూ చూపించండి. మూలడేటాను జెనోడో అనే ఆన్‌లైన్ భాండారంలో పెట్టి డీఓఐ (శాశ్వత లింకు) ఇవ్వండి, ఉచితమే.

ఇతరుల రాతలతో పోలిక శాతం 10 లోపు ఉండాలని యూజీసీ 2018 నియమం చెప్తుంది. పద్ధతుల భాగంలో ప్రామాణిక వాక్యాలు అనుకోకుండా కలుస్తుంటాయి, మీ సొంత మాటల్లో రాసుకోండి.

పేరు విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. జర్నళ్లు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. ఫలితంగా రాయలసీమలో సగం మంది రెడ్డి కె., రెడ్డి ఎస్. అయిపోతారు. మీ సైటేషన్లు ఇంకొకరి ఖాతాలో, వాళ్లవి మీ ఖాతాలో పడతాయి. ఒక పేపర్లో పూర్తిపేరు, ఇంకోదానిలో పొడి అక్షరాలు రాస్తే మీరే ఇద్దరు మనుషులవుతారు. మొదటి పేపర్‌కు ముందే ఆర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు నంబరు తీసుకోండి, 16 అంకెలు, ఐదు నిమిషాల పని. పేరు ఒకే రూపంలో రాయాలని ఆ రోజే నిర్ణయించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అమ్మాయిలకు ఇది మరీ ముఖ్యం.

తొమ్మిదో అడుగు: తిరిగొచ్చినప్పుడు

పది రోజుల్లో ఎడిటర్ తిప్పి పంపితే బాధపడకండి, ఆరు నెలలు మిగిలాయి. రెండో జర్నల్‌కు పంపేముందు ఆ జర్నల్ ఫార్మాట్‌తో పాటు ముందుమాట కూడా మార్చండి, పాఠకులు మారారు కదా. ఒకేసారి రెండు జర్నళ్లకు మాత్రం పంపకండి.

రివ్యూ వస్తే చాలాసార్లు ఒకే మాట ఉంటుంది: నమూనాలు చాలలేదు, ఇంకొన్ని కావాలి. ఎడిటర్ 30 రోజులో 60 రోజులో గడువు ఇస్తాడు. కొత్త సిలిండర్ పోసి క్యూరింగ్ చేయడానికే 28 రోజులు. మేలో వస్తే ల్యాబ్‌కు సెలవులు, ట్యాంకుకు నీళ్లు దొరకవు. అందుకే మొదటి విడతలోనే ప్రతి మిశ్రమానికి 150 బై 300 ఎంఎం సిలిండర్లు మూడు అదనంగా పోసి, తేదీ రాసి, మూలన పెట్టుకోండి. అవి వయసు పెరిగినవని పేపర్లో నిజాయితీగా రాస్తే రివ్యూయర్ ఒప్పుకోవచ్చు, 28 రోజులవే కావాలంటే గడువు పొడిగించమని ఎడిటర్‌కు రాయండి. నేను అడిగిన ప్రతిసారీ ఇచ్చారు.